బాడుగ ఇల్లు: ఖాళీ చెయ్యమంటే, ఖాళీ చెయ్యాలంటే

(తిరుపతిలో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ తరగతి ఏర్పాటు చేసినవాళ్లు నన్ను పిలుస్తూ, "మేడమ్, సెక్షన్లు తక్కువ చెప్పండి, పనికొచ్చేది ఎక్కువ చెప్పండి" అన్నారు. అట్లాగే చేస్తాను. కానీ నాలుగైదు సెక్షన్ల నెంబర్లు మాత్రం మీరు రాసుకోవాల్సిందే. వీధిలో నిలబడి ఇంటి యజమానితో మాట్లాడేది మీరు, నేను కాదు. "చట్టం ఒప్పుకోదు" అంటే నవ్వేవాడు, "నూటా ఆరో సెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చారా?" అంటే ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణం మనకు చాలా అవసరం.

బైరాగిపట్టెడ, కొర్లగుంట, జీవకోన, అవతల చిత్తూరులో గ్రీమ్స్‌పేట, మిట్టూరు. ఎక్కడి నుంచి వచ్చినా ఆడవాళ్లు మొదట చెప్పే మాట ఒకటే. "అక్కా, ఇల్లు ఖాళీ చెయ్యమంటా ఉండారు." ఎప్పటికి? "రేపటికల్లా." ఎందుకు? "కొడుకుకి పెండ్లి అంట." ఇంకా కదిలిస్తే అసలు సంగతి బయటికొస్తుంది. మొగుడు చనిపోయాడు, లేదా వదిలేసి పోయాడు. ఒంటరి ఆడదానికి ఇల్లు ఇస్తే మాకు చెడ్డపేరు అంటున్నాడు. లేదా కొత్తగా వచ్చేవాళ్లు రెండువేలు ఎక్కువ ఇస్తామన్నారు. ఇల్లు అడగను పోయిన రోజే "మీరేమిట్లు?" అని కులం అడిగేవాళ్ల సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. అది వేరే తరగతికి వదిలేద్దాం. ఈరోజు సంగతి ఇంట్లో చేరిన తర్వాతది.

ముందుగా ఒక మాట స్థిరంగా మనసులో పెట్టుకోండి. ఒప్పందం గడువు అయిపోయినా, బాడుగ బాకీ ఉన్నా, నోటీసు ఇచ్చినా సరే, కోర్టు ఉత్తర్వు లేకుండా యజమాని తనంతట తాను తాళం వేసుకోవడానికి, సామాను వీధిలో పెట్టడానికి వీల్లేదు. ఫ్యూజు పీకడం, నీళ్ల పైపు కట్టెయ్యడం, మెట్ల గేటుకు తాళం బిగించడం, ఇవన్నీ బలవంతమే. అట్లా బలవంతంగా బయటికి నెట్టేస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద దావా వేయొచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిది అనే ప్రశ్నే రాదు. నిన్నటిదాకా లోపల ఎవరున్నారు, చట్టప్రకారం కాకుండా వాళ్లను ఎవరు బయటపెట్టారు, అంతే చూస్తారు. కానీ ఆరు నెలల లోపల వెయ్యాలి. ఈ ఆరు నెలలు మన ఆడవాళ్లు పెద్దమనుషుల చుట్టూ తిరగడంలోనే గడిచిపోతాయి. పంచాయితీ చేసుకోండి, వద్దనను. క్యాలెండరు మీద తేదీ మాత్రం గుర్తు పెట్టుకోండి.

పోలీసు స్టేషన్‌కు పోతే "ఇది సివిల్ మేటరమ్మా" అంటారు. సగం నిజం. ఖాళీ చేయించే హక్కు ఎవరిదన్నది సివిల్ సంగతే. ఇంట్లో జొరబడి బెదిరించడం సివిల్ సంగతి కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 329 అక్రమ ప్రవేశం, 351 బెదిరింపు. ఫిర్యాదు కాగితంలో బాడుగ గొడవ నాలుగు పేజీలు రాసి, గొళ్లెం విరగ్గొట్టిన సంగతి చివరి వరుసలో రాస్తే వాళ్లు సివిల్ అనక ఏమంటారు? మొదటి వరుసలోనే ఎవరు, ఎన్ని గంటలకు, ఏం చేశారు అని రాయండి.

ఇప్పుడు నోటీసు సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్. వేరే ఒప్పందం ఏదీ లేకపోతే నివాసానికిచ్చిన ఇల్లు నెలనెలా బాడుగ కింద లెక్క. ఇద్దరిలో ఎవరైనా పదిహేను రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. ఎవరైనా అన్నాను, గమనించండి. యజమానికి ఎంత హక్కో బాడుగకున్న మనకూ అంతే. నోటీసు రాతలో ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. పోస్టులో పంపొచ్చు, చేతికివ్వొచ్చు, ఇంట్లోవాళ్లకు గానీ పనివాళ్లకు గానీ ఇవ్వొచ్చు, అవేవీ కుదరకపోతే ఇంటికి అందరికీ కనిపించేచోట అంటించవచ్చు. పదిహేను రోజులు నోటీసు అందిన తేదీ నుంచి లెక్క. ఒకప్పుడు ఆ గడువు బాడుగ నెల ఆఖరి రోజుతో సరిగ్గా ముగియాలి. ఒక్కరోజు తేడా వచ్చినా కేసు పోయేది. 2002 డిసెంబరు 31 నుంచి ఆ చిక్కు తీసేశారు. నోటీసులో గడువు తక్కువున్నా, దావా పదిహేను రోజులు దాటిన తర్వాత వేసి ఉంటే చెల్లుతుంది. అంచేత "నోటీసులో పధ్నాలుగు రోజులే ఉంది కదా" అని ధీమాగా కూర్చోకండి.

నోటితో చెప్పింది నోటీసు కాదు. వంట చేసుకుంటుండగా గడప దగ్గరికి వచ్చి అరిచి పోయింది అసలే కాదు. అట్లాగని నోటీసు అందగానే ఇల్లు వదలాలనీ లేదు. నోటీసుతో ముగిసేది ఒప్పందం మాత్రమే. ఖాళీ చేయించాలంటే ఆ తర్వాత కోర్టుకు పోవాలి, అక్కడ మన మాట వినాలి, డిక్రీ రావాలి. నోటీసుకు జవాబు మాత్రం ఇవ్వండి. చాలామంది ఆడవాళ్లు భయంతో కవరు తీసుకోకుండా తిప్పి పంపుతారు. తీసుకోకపోతే అందనట్టు కాదు. కావాలని తిరస్కరిస్తే అందినట్టే లెక్క కట్టే అవకాశం ఎక్కువ.

"మేడమ్, రెంట్ కంట్రోల్ చట్టం అని ఒకటుందంట కదా" అని అడుగుతారు. ఉండింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల చట్టం, మున్సిపాలిటీలన్నిటికీ. బాడుగ కట్టకపోవడం, అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఇవ్వడం, ఇంటిని పాడు చెయ్యడం, యజమానికి సొంత అవసరం, ఇట్లా కొన్ని కారణాలకు తప్ప ఖాళీ చేయించకూడదని అది చెప్పింది. నాకు అందులో బాగా నచ్చింది ఒకటే. బాడుగదారుడు చనిపోతే అప్పటిదాకా ఆ ఇంట్లో అతనితో కలిసి ఉన్న భార్యను, కొడుకును, కూతురును కూడా బాడుగదారులుగానే గుర్తించింది. కానీ దాని కిందికి రాని ఇళ్లే ఎక్కువయ్యాయి. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టినవాటిని మొదట మినహాయించారు. ఆ మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టేస్తే, ఆ ఏడాది డిసెంబరులోనే 636 నెంబరు జీవోతో కొత్త మినహాయింపు వచ్చింది: కట్టి పదేళ్లు కానివి, నెలకు వెయ్యి రూపాయలు దాటినవి. 2005 సవరణ దాన్ని పదిహేనేళ్లు చేసి, బాడుగ పరిమితిని కార్పొరేషన్లలో 3500, మిగతాచోట్ల 2000 చేసింది. అప్పటికి తిరుపతి ఇంకా మున్సిపాలిటీయే. 2007లో కార్పొరేషన్ అయింది, చిత్తూరు 2012లో. మరి తిరుపతిలో రెండు గదుల ఇల్లు 3500కు దొరికే కాలం ఎప్పుడు పోయిందో మీకే తెలుసు. పేదవాళ్ల కోసమని చేసిన చట్టం గవర్నమెంటు గెజిట్‌లో మిగిలి, వీధిలో లేకుండా పోయింది.

2017లో దాని స్థానంలో రాష్ట్రం నివాస, నివాసేతర భవనాల టెనెన్సీ చట్టం చేసింది. దాని చూపంతా రాతపూర్వకమైన ఒప్పందం మీదే. మీ దగ్గరికొచ్చిన ఆమెకు కోర్టు కాగితం అందితే, కేసు ఏ చట్టం కింద, ఏ కోర్టులో వేశారో దాని తలమీదే ఉంటుంది. ముందు అది చూసి అప్పుడు వకీలు దగ్గరికి తీసుకుపోండి.

పదకొండు నెలల అగ్రిమెంటు ఎందుకో ఒక్క ముక్కలో చెప్తాను. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చెయ్యాలి, ఖర్చవుతుంది, అందుకని పదకొండు. పదకొండు నెలలయ్యాక కొత్త కాగితం రాసుకోలేదు, యజమాని బాడుగ తీసుకుంటూనే ఉన్నాడు. అప్పుడు మీరు అక్రమంగా ఉన్నట్టు కాదు. 116వ సెక్షన్ ప్రకారం నెలనెలా బాడుగ కొనసాగుతున్నట్టే. మధ్యలో ఇల్లు అమ్మేసినా అంతే. కొన్నవాడు పాత యజమాని స్థానంలోకి వస్తాడు, మీ బాడుగ రద్దయిపోదు. ఇక బాడుగ బాకీ పడ్డందుకే ఒప్పందం రద్దన్నాడనుకోండి, దావా విచారణలో బాకీ, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే ఆ రద్దును తోసిపుచ్చే అధికారం 114వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. ఖాయంగా ఇస్తుందని కాదు, ఇవ్వొచ్చు. అందుకే బాడుగ చేతికిచ్చే అలవాటు మానాలి. ఫోన్‌లోనో బ్యాంకులోనో వెయ్యండి. చేతికే ఇమ్మని పట్టుబడితే నోటుబుక్కులో సంతకం తీసుకోండి. సంతకానికి ఒప్పుకోని యజమాని మీద నాకు ఎప్పుడూ అనుమానమే.

ఇక మన పని ఎక్కువగా ఉండే చోటికి వస్తాను. అగ్రిమెంటు మొగుడి పేరు మీద ఉంటుంది. గొడవలు పెద్దవయ్యాక అతను వెళ్లి యజమానితో "నేను ఇల్లు వదిలేస్తున్నాను, అడ్వాన్సు ఇచ్చెయ్యి" అంటాడు. అడ్వాన్సు తీసుకుని పోతాడు. లోపల ఆమె, పిల్లలు ఉంటారు. యజమాని "మీ ఆయన వదిలేశాడు కదమ్మా, నువ్వెవరు?" అంటాడు. కొట్టి బయటికి నెట్టేవాడు ఒకరకం. ఇది చేతికి మట్టి అంటకుండా నెట్టడం. 111వ సెక్షన్‌లో లీజు ముగిసే మార్గాల్లో బాడుగదారుడు స్వయంగా వదులుకోవడం ఒకటి. ఆ సందునే మగవాళ్లు వాడుకుంటారు.

దీనికి గృహహింస చట్టం, 2005లో తలుపు ఉంది. ఆ చట్టం ప్రకారం బాడుగ ఇల్లు కూడా ఉమ్మడి నివాసమే. అగ్రిమెంటులో ఆమె పేరు లేకపోయినా సరే. పందొమ్మిదో సెక్షన్, ఒకటో ఉపసెక్షన్, ఇ క్లాజు. రాసుకోండి. మెజిస్ట్రేటు అనుమతి లేకుండా ఆ ఇంటి మీద తనకున్న హక్కును భర్త వదులుకోకూడదని ఉత్తర్వు తీసుకోవచ్చు. దాని పక్కనే ఎఫ్ క్లాజు. అదే స్థాయి వేరే ఇల్లు చూపించమనో, దానికి బాడుగ కట్టమనో ఆదేశం. ఆరో ఉపసెక్షన్ కింద ఇప్పుడున్న ఇంటి బాడుగ అతనే కట్టాలని కూడా చెప్పించవచ్చు. గృహహింస కేసు వేసేటప్పుడు కొట్టిన దెబ్బల గురించి వివరంగా రాసి, ఇంటి గురించి ఏమీ అడగకుండా వదిలేసిన పిటిషన్లు నేను ఎన్నో చూశాను. ఆర్డరు వచ్చాక ఒక కాపీ యజమానికి పోస్టులో పంపండి. ఆయన ఆ కేసులో పార్టీ కాడు, కానీ తెలిసిన తర్వాత మొగుడి చేతికి అడ్వాన్సు ఇవ్వడానికి జంకుతాడు.

యజమాని అప్పటికే ఖాళీ దావా వేసేసి ఉంటే? మొగుడి మీద వేస్తాడు, మొగుడు కోర్టుకు రాడు, ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. బెంగళూరు ఇంటి గురించి 2005లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, బి.పి. అచలా ఆనంద్ కేసు. భర్త వదిలేసి పోయి, కేసులో పోట్లాడడం మానేస్తే, ఆ ఇంట్లో ఉంటున్న భార్య తనను పార్టీగా చేర్చుకోమని అడగవచ్చు, దావాను ఎదిరించవచ్చు అన్నారు. భర్త ఏ వాదనలు చెయ్యగలిగేవాడో అవే ఆమె చెయ్యాలి, అంతకు మించి కాదు. బాడుగ బాధ్యత కూడా నెత్తికెత్తుకోవాలి. సూత్రంగా మనకు చాలా మంచిది. కానీ ఆ కేసులో ఆమె ఓడిపోయింది. ఎందుకంటే అప్పటికే విడాకులు అయిపోయాయి, ఆ విడాకుల ఒప్పందంలో ఇంటి గురించి ఏమీ రాసుకోలేదు. పరస్పర అంగీకార విడాకుల కాగితం రాసేటప్పుడు మనవాళ్లు బంగారం తులాలతో లెక్కేస్తారు, స్టీలు సామాన్లు లెక్కేస్తారు. ఇప్పుడుంటున్న బాడుగ ఇల్లు ఎవరిది, అడ్వాన్సు ఎవరిది, బాడుగ ఎన్నాళ్లు ఎవరు కట్టాలి, ఇవి రాయరు. దయచేసి రాయించండి.

భోగ్యం గురించి చెప్పకపోతే చిత్తూరు, కుప్పం వైపు నుంచి వచ్చినవాళ్లు నన్ను ఊరుకోరు. మన దగ్గర చాలామంది నెల బాడుగ కాకుండా ఒక్కసారిగా మూడు లక్షలో ఐదు లక్షలో ఇచ్చి, మూడేళ్లు ఉండి, పోయేటప్పుడు ఆ డబ్బు వెనక్కి తీసుకుంటారు. పొదుపు సంఘం లోను, అమ్మిన గాజులు, పుట్టింటివాళ్లిచ్చింది అంతా కలిపి అందులో పోస్తారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుంటారు, ఇద్దరు సాక్షులు, అయిపోయింది. మూడేళ్లకు ఇల్లుగలాయన "డబ్బు ఖర్చయిపోయిందమ్మా, ఇంకొకరు వస్తే వాళ్ల దగ్గర తీసుకుని నీకిస్తా, నువ్వు ముందు ఖాళీ చెయ్" అంటాడు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒకామె ఆ మాట నమ్మి తాళంచెవి ఇచ్చేసింది. ఇంకొకరు వచ్చారు, డబ్బు ఇచ్చారు, అది ఈమెదాకా రాలేదు.

చట్టం దృష్టిలో భోగ్యం బాడుగ కాదు, స్వాధీన తాకట్టు. వడ్డీకి బదులు ఇంట్లో ఉండడం. వంద రూపాయలు, ఆపైన ఇట్లాంటి తాకట్టు రిజిస్టరు కావాలని 59వ సెక్షన్. వంద రూపాయలు! 1882 నాటి వంద. ఇవాళ ఏ భోగ్యానికైనా రిజిస్ట్రేషన్ తప్పదన్నమాట. రిజిస్టరైతే మీ అప్పు ఇంటి మీద ఉంటుంది, డబ్బు ముట్టేదాకా మీరు ఇంట్లో ఉండొచ్చు. కాకపోతే మీ చేతిలో ఉన్నది అప్పు కాగితం మాత్రమే. డబ్బు రావాల్సిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వెయ్యాలి. గడువు దాటకముందే అతనితో "ఇంత బాకీ ఉన్నాను" అని రాయించుకుని సంతకం పెట్టిస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. ఇంకా ఘోరమేమంటే అదే ఇంటిని అతను బ్యాంకులో పెట్టి ఉంటాడు. బ్యాంకు 2002 నాటి సర్ఫేసి చట్టం కింద ఇంటిని స్వాధీనం చేసుకోడానికి వచ్చినప్పుడు స్టాంపు కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడితే ప్రయోజనం తక్కువ. డబ్బు కట్టకముందే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించండి. మీ సంఘాల్లో పని చేసేవాళ్లు ఈ ఒక్క అలవాటు నేర్పినా చాలా ఇళ్లు నిలబడతాయి. ఇక భోగ్యం ముగించేటప్పుడు ఒకటే క్రమం: డబ్బు ఒక చేతికి, తాళంచెవి రెండో చేతి నుంచి. ముందు వెనకలు లేవు.

తిరుపతిలో మఠాల భూముల్లో, దేవస్థానం స్థలాల్లో ఉన్న ఇళ్లకు నేను చెప్పినవన్నీ యథాతథంగా వర్తించవు. 1987 దేవాదాయ ధర్మాదాయ చట్టం వేరే దారి పెట్టింది. మీకు ఇల్లిచ్చినవాడికే ఆ స్థలం మీద హక్కుందో లేదో ముందు చూడాల్సి వస్తుంది. అట్లాంటివి విడిగా నన్ను కలవండి.

ఇంతసేపూ బాడుగకున్నవాళ్ల వైపు మాట్లాడాను. ఇల్లు బాడుగకిచ్చిన ఆడవాళ్లూ ఇక్కడ ఉన్నారు. మొగుడు పోయాక పైన వేసిన రెండు గదుల మీద బతికే ఆమెను భూస్వామిని చూసినట్టు చూస్తే ఎట్లా? మగ బాడుగదారుడు ఆరునెలలు బాడుగ ఎగ్గొట్టి, అడిగితే ఎదురు తిరిగితే ఆమె ఏం చెయ్యాలి? కరెంటు కట్ చెయ్యడం మాత్రం కాదు. అది చేస్తే ఆమె కేసు చెడుతుంది. నోటీసు ఇవ్వాలి, దావా వెయ్యాలి. ఖాళీ చేసేదాకా ఇంటి వాడకానికి నష్టపరిహారం కూడా అదే దావాలో అడగాలి. ఒక జాగ్రత్త. నోటీసు తర్వాత వచ్చిన డబ్బును మామూలు బాడుగలాగా తీసుకుని రశీదు ఇస్తే, నోటీసును ఆమే వదులుకున్నట్టు అవతలివాళ్లు వాదిస్తారు. 113వ సెక్షన్ అందుకు చోటిస్తుంది. "వాడుకున్నందుకు నష్టపరిహారం కింద, నా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నాను" అని రాసి తీసుకోవాలి.

హాస్టళ్లలో, పీజీల్లో ఉండే అమ్మాయిల సంగతి వేరు. మహిళా విశ్వవిద్యాలయం, మెడికల్ కాలేజీ, ఐఐటీ వచ్చాక వీళ్ల సంఖ్య బాగా పెరిగింది. గది మీద పూర్తి స్వాధీనం లేకుండా మంచం, భోజనంతో ఉండేవాళ్లు మామూలుగా లీజుదార్లు కాదు, లైసెన్సు మీద ఉన్నవాళ్లు. పదిహేను రోజుల నోటీసు వాళ్లకు రాదు. అయినా సామాను తీసుకునేందుకు తగిన వ్యవధి ఇవ్వాలి, అడ్వాన్సు మింగకూడదు.

మనమే ఖాళీ చెయ్యాలనుకుంటే? రాసి ఇవ్వండి, పదిహేను రోజులో, అగ్రిమెంటులో ఉన్నన్ని రోజులో. సామాను ఎత్తేసి తాళం మీ దగ్గరే ఉంచుకుంటే బాడుగ నడుస్తూనే ఉంటుంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు చాలామంది అడిగారు, ఇంక బాడుగ కట్టాల్నా అని. 108వ సెక్షన్‌లో ఉంది. వరదకో నిప్పుకో ఇల్లు ఉండడానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజును రద్దు చేసుకునే హక్కు బాడుగదారుది. వారం రోజులు నీళ్లు నిలిచి పోతే అది వర్తించదు. అదే సెక్షన్ కింద, ఇంటిని తీసుకున్నప్పుడున్నట్టే అప్పగించాలి, వాడకంతో వచ్చే మామూలు అరుగుదల మినహా. సున్నం వెలిసిపోవడం అరుగుదల. అందుకు రంగులేయించి అడ్వాన్సులో పట్టుకోవడం కుదరదని చెప్పండి. చేరిన రోజు, వదిలిన రోజు గోడలకు, కిటికీలకు, మీటరు రీడింగుకు ఫోటోలు తీసిపెట్టుకోండి. తాళంచెవి ఇచ్చినట్టు రెండు వరుసలు రాయించి సంతకం తీసుకోండి. అడ్వాన్సు అప్పుడే ఇవ్వకపోతే ఏ తేదీకి ఇస్తాడో అదే కాగితంలో రాయించండి.

కోర్టు ఖర్చు గురించి భయపడేవాళ్లకు: 1987 నాటి న్యాయసేవల చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ చిత్తూరు కోర్టు దగ్గర ఉంది, తిరుపతి కోర్టుల్లో మండల కమిటీ ఉంది. ఫోను నెంబరు 15100. అడ్వాన్సులు, చిన్న భోగ్యాలు లోక్ అదాలత్‌లో తేలితే మంచిదే. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అప్పీలు ఉండదు కాబట్టే, చదివి వినిపించకుండా ఆమె చేత వేలిముద్ర వేయించవద్దు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. భోగ్యం కాగితాలు వెంట తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, చూస్తాను.